మీ ఇంట్లో ఎవరికి ఏ ప్రభుత్వ పథకం వర్తిస్తుందో మీరే తెలుసుకోవడం ఎలా?

"మాకు ఏమైనా పథకం వస్తుందా అండీ?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తున్నా కానీ చెప్పేది మాత్రం ప్రతిసారీ ఒకటే, అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నా. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళ కోసం రాసింది. కేంద్రం పథకాలు ఇద్దరికీ ఒకటే, రాష్ట్రానివి వేరు, అది ఎక్కడికక్కడ చెప్తాను.

ముందు ఒక్క మాట. మనవాళ్ళు చాలామంది పథకం పేరు పట్టుకుని వెతుకుతారు, పక్కింటి వాళ్ళకి ఫలానాది వచ్చిందంట మాకెందుకు రాలేదు అని. అలా వెతికితే మీకు తెలిసిన నాలుగు పేర్లు దాటి ముందుకి వెళ్ళలేరు. పథకం నుంచి కాదు, మనిషి నుంచి మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళ వయసెంత, ఏం పని చేస్తారు, వాళ్ళకి ఏం జరిగింది అని చూసుకుంటూ వెళ్తే మీరు పేరు కూడా వినని పథకాలు బయటపడతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, వాటికి లింక్ అయిన ఫోన్ (ఓటీపీ దానికే వస్తుంది)
- రేషన్ కార్డు లేదా రైస్ కార్డు
- అందరి బ్యాంక్ పాస్‌బుక్‌లు, ఎంట్రీలు కొట్టించినవి
- కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఉంటే అవి
- భూమి ఉంటే పట్టాదారు పాస్‌బుక్
- వికలాంగులు ఉంటే సదరం సర్టిఫికెట్
- ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్
- ఒక నోట్‌బుక్, పెన్ను

నోట్‌బుక్ ఎందుకు అని వదిలేయకండి. అప్లికేషన్ నంబర్లు, ఏ రోజు ఎవర్ని కలిశారు, వాళ్ళు ఏం చెప్పారు అన్నీ ఒకేచోట ఉండాలి, తర్వాత ఇదే మిమ్మల్ని కాపాడుతుంది.

1. మనుషుల లిస్ట్ రాయండి

ఒక్కొక్కరికి ఒక పేజీ. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయండి, పుట్టిన తేదీ కూడా ఆధార్‌లో ఉన్నదే. మీకు తెలిసిన అసలు తేదీ వేరే అయినా సరే, ఎందుకంటే ఆఫీసులో వయసు ఆధార్ చూసే లెక్కేస్తారు. తర్వాత చేసే పని, చదువు, పెళ్ళయిందా, భర్త లేదా భార్య ఉన్నారా, ఏదైనా పెద్ద జబ్బు గానీ వైకల్యం గానీ ఉందా. గర్భిణి ఉంటే అది కూడా రాయండి.

చివర్లో ఇంకో పేజీ ఉంచండి, అందులో గత రెండు మూడేళ్ళలో ఇంట్లో జరిగినవి రాయండి: చావు, యాక్సిడెంట్, కాన్పు, ఆడపిల్ల పెళ్ళి, ఉద్యోగం పోవడం, ఇల్లు కూలడం. చాలా పథకాలు ఇలాంటి సందర్భాలకి సంబంధించినవే, ఈ పేజీ రాయని వాళ్ళకి అవి ఎప్పటికీ గుర్తురావు.

2. మైస్కీమ్ సైట్‌లో ఒక్కొక్కరికి విడిగా వెతకండి

మైస్కీమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన పోర్టల్ ఉంది. అందులో కేంద్రం పథకాలు, రాష్ట్రాల పథకాలు రెండూ ఉంటాయి. 'ఫైండ్ స్కీమ్స్ ఫర్ యూ' నొక్కితే ఆడా మగా, వయసు, ఏ రాష్ట్రం, పల్లెటూరా టౌనా, కేటగిరీ, వైకల్యం ఉందా, స్టూడెంటా, బీపీఎల్లా ఇలా వరుసగా అడుగుతుంది, చివర్లో సరిపోయే పథకాల లిస్ట్ ఇస్తుంది. ఇలా వెతకడానికి ఆధార్ నంబర్ గానీ డబ్బులు గానీ అక్కర్లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే ఇంటి పెద్ద పేరుతో ఒక్కసారి వెతికేసి మాకేం లేవు అనుకుంటారు. అలా కాదు, మీ అమ్మగారికి ఒకసారి, మీ భార్యకి ఒకసారి, చదువుకునే పిల్లలకి ఒక్కొక్కరికి ఒకసారి వివరాలు మార్చి వెతకాలి.

లిస్ట్ చాలా పెద్దగా వస్తుంది, భయపడకండి. ఒక్కో పథకం తెరిచి ముందు 'ఎక్స్‌క్లూజన్స్' అనే భాగం ఉంటే అది చదవండి, అంటే ఎవరికి రాదు అనేది. ఎంత ఇస్తారో తర్వాత చూద్దురు గానీ, ముందు ఎవరికి రాదో చూస్తే సగం లిస్ట్ అక్కడే తగ్గిపోతుంది. ఇంకో జాగ్రత్త, ఆ సైట్‌లో రాష్ట్ర పథకాలు కొన్ని పాత పేర్లతో ఉండొచ్చు, ప్రభుత్వం మారితే పేర్లు మారతాయి కదా. అందుకే దాన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకుని మూడో స్టెప్‌కి రండి.

ఫోన్‌లో ఇవన్నీ చేయలేని వాళ్ళు డిగ్రీ చదివే పిల్లలు ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, గంటలో అయిపోతుంది.

3. రాష్ట్రం పథకాలు మనిషిని అడిగి కనుక్కోండి

ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్ళండి. వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడగండి, టౌన్‌లో అయితే వార్డు వెల్ఫేర్ సెక్రటరీ ఉంటారు. మన మిత్ర వాట్సాప్ సర్వీస్ కూడా ఉంది, 9552300009 నంబర్‌కి హాయ్ అని పెడితే మెనూ వస్తుంది. తెలంగాణలో సర్టిఫికెట్లకి మీసేవ, పెన్షన్ లాంటివాటికి గ్రామ పంచాయతీ సెక్రటరీ లేదా ఎంపీడీవో ఆఫీసు, టౌన్‌లో మున్సిపల్ ఆఫీసు.

వెళ్ళినప్పుడు "మాకేమైనా వస్తాయా" అని అడగకండి, "ఇప్పుడేం లేవు" అనే జవాబు వస్తుంది. నోట్‌బుక్ తీసి "మా అమ్మకి 61 ఏళ్ళు, రేషన్ కార్డు ఉంది, పెన్షన్ లేదు, కొత్త అప్లికేషన్లు ఎప్పుడు తీసుకుంటారు" అని అడగండి. అడిగే తీరు మారితే జవాబు కూడా మారుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఎవరికి ఏవి చూడాలో నాకు గుర్తున్నంతలో చెప్తాను, ఇదే పూర్తి లిస్ట్ అనుకోకండి.

ముసలివాళ్ళకి: వృద్ధాప్య పెన్షన్‌కి ఆంధ్రలో మామూలుగా 60 ఏళ్ళు, గిరిజనులకి 50. తెలంగాణలో 65 నుంచి 57కి తగ్గించారు. ఆంధ్రలో పెన్షన్ తీసుకునే భర్త చనిపోతే భార్యకి స్పౌజ్ కేటగిరీ కింద ఇచ్చే ఏర్పాటు ఉంది, డెత్ సర్టిఫికెట్ తీసుకుని వెంటనే సచివాలయంలో ఇవ్వాలి, కొత్త అప్లికేషన్లు తీసినప్పుడు చూద్దాంలే అని ఆగకండి. ఇక 70 దాటిన వాళ్ళకి ఆదాయం ఎంతున్నా సరే ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, వయ వందన కార్డు అంటారు. మాకు పింఛను వస్తుంది కదా, సొంత ఇల్లుంది కదా, మాకు రాదులే అని దీన్ని వదిలేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. దీనికి ఆధార్ చాలు. హెల్ప్‌లైన్ 14555.

రైతులకి: పీఎం కిసాన్ ఏడాదికి 6,000, మూడు విడతలుగా 2,000 చొప్పున. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిసి ఒక్క కుటుంబం కింద లెక్క, ఇద్దరి పేర్లమీదా భూమి ఉన్నా ఒక్కరికే వస్తుంది. ఇద్దరూ పెట్టేస్తే తర్వాత వెనక్కి కట్టమంటారు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి రాదు, కానీ తండ్రి చనిపోయి వారసత్వంగా మీ పేరు మీదకి వచ్చిన భూమి అయితే అడగొచ్చు. తెలంగాణ రైతులు రైతు బీమా గురించి కూడా చూసుకోండి, 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. నామినీ పేరు ఎవరిదుందో ఏఈవోని (మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి) ఇవ్వాళే అడగండి. ఎప్పుడో చనిపోయిన తల్లి పేరు అలాగే ఉండిపోయిన వాళ్ళు ఉన్నారు.

కూలి పని చేసేవాళ్ళకి: తాపీ, పెయింటింగ్, వడ్రంగం, సెంట్రింగ్ లాంటి పనులు చేసేవాళ్ళు 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే లేబర్ ఆఫీసులో భవన నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోవచ్చు. కార్డు ముందే ఉండాలి, రెన్యువల్ కూడా అయి ఉండాలి. యాక్సిడెంట్ అయ్యాక వెళ్తే ఉపయోగం లేదు. పీఎఫ్, ఈఎస్ఐ లేని మిగతా పనులవాళ్ళు ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) పేరు నమోదు చేసుకోండి.

చదివే పిల్లలకి: స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆంధ్రలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్, కేంద్రానివి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. చివరి తేదీ దాటితే అంతే, కాబట్టి కాలేజీ తెరవకముందే కుల, ఆదాయ సర్టిఫికెట్లు చేయించి పెట్టుకోండి.

గర్భిణులకి అంగన్‌వాడీ టీచర్ని, ఆశా వర్కర్ని మూడో నెలలోపే కలవండి, మాతృ వందన (గర్భిణులకి కేంద్రం డబ్బు సాయం చేసే పథకం) లాంటివి మీ దగ్గర అమల్లో ఉన్నాయా అని అడగండి. తెలంగాణలో ఆడపిల్ల పెళ్ళికి కళ్యాణలక్ష్మి, షాదీ ముబారక్ 1,00,116. పెళ్ళినాటికి అమ్మాయికి 18 నిండి ఉండాలి, ఆధార్‌లో.

4. ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే ఈ స్టెప్ వదలొద్దు

ఇది కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అదీ ఆ కుటుంబానికి బాగా అవసరమైన టైంలో.

చనిపోయిన మనిషి బ్యాంక్ పాస్‌బుక్ తీసుకెళ్ళి చివరి రెండేళ్ళ ఎంట్రీలు కొట్టించండి. మే చివర్లో గానీ జూన్‌లో గానీ 436 రూపాయలు కట్ అయ్యాయా, 20 రూపాయలు కట్ అయ్యాయా చూడండి. 436 అంటే జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు. 20 అంటే సురక్షా బీమా, యాక్సిడెంట్‌లో చనిపోతే 2 లక్షలు. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకులో సంతకం పెట్టమన్నచోట పెట్టేసి ఉంటారు, ఇంట్లో వాళ్ళకి ఆ సంగతే తెలీదు. 2022 మే వరకు ఇవి 330, 12 ఉండేవి, పాత చావు అయితే ఆ అంకెలు వెతకండి.

మా వీధిలో ఒకావిడ, భర్త పోయి నాలుగు నెలలైంది, ఖాతా మూసేసి మిగిలిన డబ్బులు తెచ్చుకుందామని బ్యాంకుకి బయల్దేరుతుంటే పాస్‌బుక్ ఒకసారి చూపించమన్నా. 436 ఎంట్రీ కనపడింది. ఆవిడ చాలాసేపు నమ్మలేదు. క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, ఖాతా వివరాలు ఇస్తే డబ్బులొచ్చాయి. ఆ రోజు నుంచి చావు ఇంటికి పరామర్శకి వెళ్ళినా, కాస్త కుదుటపడ్డాక, పాస్‌బుక్ చూశారా అని అడుగుతున్నా. మీరు కూడా అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

క్లెయిమ్ 30 రోజుల్లోపు ఇస్తే మంచిది, దాటిపోయినా ఇవ్వడం మాత్రం మానకండి. యాక్సిడెంట్ అయితే ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్ట్ కావాలి. ఒకే బీమాకి రెండు మూడు బ్యాంకుల్లో కట్ అయినా ఒక్క 2 లక్షలే ఇస్తారు.

చనిపోయిన వ్యక్తికి పీఎఫ్ ఉంటే, పీఎఫ్ డబ్బు ఒక్కటే కాదు, ఉద్యోగంలో ఉండగా పోతే ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ గరిష్ఠంగా 7 లక్షల వరకు ఉంటుంది, భార్యాపిల్లలకి పెన్షన్ కూడా ఉంటుంది. మూడూ విడిగా అడగాలి. పేదరికం రేఖ కింద ఉన్న కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 ఒకేసారి సాయం ఉంది, తహసీల్దార్ ఆఫీసులో అడగండి.

వీటన్నిటికీ మూలం డెత్ సర్టిఫికెట్. 21 రోజుల్లోపు చెప్తే ఫీజు లేకుండా నమోదు చేస్తారు, ఆలస్యమైన కొద్దీ తిరగడం పెరుగుతుంది. కనీసం ఐదారు కాపీలు తీసుకోండి.

5. మీకు రాకుండా ఆపేవి ఏంటో ముందే చూసుకోండి

ఆంధ్రలో ఆరు అంచెల వడపోత అంటారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకి 10,000, టౌన్లో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ పర్వాలేదు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగి గానీ ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు. టౌన్లో 1,000 చదరపు అడుగుల పైన సొంత కట్టడం ఉండకూడదు. పథకాన్ని బట్టి వీటిలో సడలింపులు మారుతుంటాయి, మీరు అప్లై చేసేదానికి ఏది వర్తిస్తుందో సచివాలయంలో కనుక్కోండి.

చాలామందికి ఇక్కడ నిజం కాని కారణంతో ఆగిపోతుంది. అద్దె ఇంట్లో ఉంటారు, ఆ మీటర్‌కి ఇంకెవరిదో ఆధార్ లింక్ అయి ఉంటుంది, లేదా మీ ఆధార్ ఇంకో మీటర్‌కి. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరు మీదే ఉంటుంది. పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన ఉద్యోగం చేసే కొడుకు ఇంకా మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (సచివాలయం రికార్డులో ఉండే మీ కుటుంబ సభ్యుల లిస్ట్) కనిపిస్తాడు. ఇవి సరిచేయించుకోవచ్చు. ఏ కారణంతో ఆపారో అడిగి, ఆ ఒక్కదానికి ఆధారం పట్టుకెళ్ళండి.

6. పేర్లు, బ్యాంక్ లింక్ చెక్ చేయండి

ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, భూమి కాగితం అన్నీ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, ఒకచోట 'లక్ష్మి', ఇంకోచోట 'మహాలక్ష్మి' ఉంటే ఇప్పుడే మార్పించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకునే అవకాశం ఉంటుంది, పేరు రెండుసార్లు, కాబట్టి స్లిప్ మీద అక్షరాలు చదువుకున్నాకే ఓకే చెప్పండి.

బ్యాంక్ విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది: ఖాతాకి ఆధార్ జిరాక్స్ ఇచ్చాం కదా లింక్ అయింది అనుకుంటారు. కేవైసీకి ఇవ్వడం వేరు, పథకం డబ్బులు పడటానికి ఆధార్ సీడింగ్ వేరు. డబ్బులు ఒక్క ఖాతాకే వెళ్తాయి, చివరగా ఏ ఖాతాకి సీడింగ్ అయితే దానికే. మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయ్యి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో, యాక్టివ్‌గా ఉందో లేదో చూపిస్తుంది. మీరు వాడని బ్యాంక్ పేరు వస్తే, డబ్బులు రాలేదని మీరు అనుకుంటున్నవి అక్కడ పడి ఉండొచ్చు, ముందు అది చూడండి. రెండేళ్ళుగా ఏ లావాదేవీ లేని ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది, కేవైసీ మళ్ళీ ఇచ్చి తెరిపించుకోవాలి.

7. అప్లై చేయండి, రశీదు లేకుండా రాకండి

రశీదు మీద అప్లికేషన్ నంబర్ ఉండాలి. "ఇచ్చి వెళ్ళండి మేం చూస్తాం" అంటే మర్యాదగానే "నంబర్ ఇవ్వండి, రాసుకుంటాను" అనండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు, జిరాక్సులు మాత్రమే. నేను చెప్పిన పథకాల్లో దేనికీ మధ్యవర్తి అక్కర్లేదు. పెన్షన్ ఇప్పిస్తా నాకింత ఇవ్వు అనేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి, సర్వీస్ ఛార్జ్ ఉంటే రశీదు మీద ఉంటుంది.

వాట్సాప్‌లో పీఎం కిసాన్ అని, పెన్షన్ అని ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దు, ఇన్‌స్టాల్ చేస్తే ఖాతా ఖాళీ అవుతుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. పొరపాటున డబ్బులు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

8. అయిందా లేదా ఎలా తెలుస్తుంది?

'అప్రూవ్డ్' అని వచ్చినంత మాత్రాన అయిపోలేదు, డబ్బులు పాస్‌బుక్‌లో కనిపిస్తేనే అయినట్టు. పదిహేను రోజులకోసారి స్టేటస్ చూసి నోట్‌బుక్‌లో తేదీతో రాయండి. పీఎం కిసాన్ అయితే సైట్‌లో 'నో యువర్ స్టేటస్'లో ల్యాండ్ సీడింగ్ (మీ భూమి వివరాలు లింక్ అవ్వడం), ఈకేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్ మూడింటికీ 'యెస్' ఉండాలి, ఒక్కటి 'నో' ఉన్నా విడత ఆగుతుంది.

రిజెక్ట్ అయితే కారణం రాతపూర్వకంగా అడగండి. కారణం తప్పైతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, ఆంధ్రలో పీజీఆర్ఎస్, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ కూడా నంబర్ తీసుకోండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా అప్లికేషన్ నంబర్ ఇది, ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది, ఏ రూల్ ప్రకారం తిరస్కరించారు" అని అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంకా ముందుకెళ్ళాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ సాయం ఉచితంగా దొరుకుతుంది, నంబర్ 15100. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి దీనికి ఆదాయ పరిమితి కూడా లేదు.

ఇంట్లో ఎవరికైనా 18 నిండినా, 57 లేదా 60 వచ్చినా, 70 దాటినా, పెళ్ళి, కాన్పు, చావు ఏది జరిగినా ఆ మనిషి పేజీ తీసి రెండో స్టెప్ నుంచి మళ్ళీ చూడండి.